ఎండెక్కితే తెరుచుకోని ఫైళ్లు

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది సార్?" అని అడుగుతారు. నేను గెలిచిన కేసు ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఈ రోజుకూ నాకు సగమే అర్థమైన కేసు. మిగతా సగం మీలో ఎవరైనా అర్థం చేసుకుని నాకు చెబుతారేమోనన్న స్వార్థంతోనే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. పావగడలో టైపురైటర్లు బాగుచేసే దుకాణంతో మొదలుపెట్టాను. టైపురైటరు నిజాయితీ గల యంత్రం. ఒక అక్షరం పడకపోతే ఆ అక్షరం మీట కింద చూస్తే చాలు, ఏ గుండుసూదో బయటపడుతుంది. తర్వాత నన్ను అడక్కుండానే కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెనకాలే నేనూ వెళ్లాను. తిరుమణి చుట్టుపక్కల సోలార్ పార్కు వెలిశాక, అందులో ఒక ప్లాంటు కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు మా కంపెనీకి దొరికింది. కంపెనీ అంటే మా యజమాని, నేను. పని తెలిసింది నాకని ఆయన, ఆయనకని నేను అనుకుంటూ ఇద్దరం చాలాకాలం హాయిగా గడిపాం.

ఆ ప్లాంటుకు రెండు కొసలు. గేటు పక్కన ఒక పాత క్యాబిన్. సోలార్ పలకల వరసలు దాటుకుని వెళితే అవతలి కొసన కంట్రోల్ రూము. ఫైళ్లు దాచే పెట్టె క్యాబిన్‌లో ఉండేది. దాన్నుంచి కంట్రోల్ రూముకు భూమిలో ఒక తీగ. ఆ పెట్టెలో ఉన్న ఒక ఫోల్డరును అందరూ పంచుకోవాలి: కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు పలకల లెక్కలూ బొమ్మలూ అందులో దాస్తారు, బెంగళూరు ప్రధాన కార్యాలయం వాళ్లు కంట్రోల్ రూము ఇంటర్నెట్ మీదుగా వాటినే తీసి చూసుకుంటారు. మా వైపు పంచుకోవడం అంటే చేను పంచుకోవడమే, గట్టు తగాదా లేకుండా అది తేలదు. ఈ ఫోల్డరుకూ ఆ గతే పట్టింది.

ఒకరోజు సైటు మేనేజరు ఫోన్ చేశాడు. "ఫైళ్లు తెరుచుకోవడం లేదు సార్, మీరు ఒకసారి రావాల."

వెళ్లాను. కంట్రోల్ రూములో అప్పుడే పగటి డ్యూటీకి దిగిన అమ్మాయి కుర్చీ జరిపి నాకు చోటిచ్చింది. డిప్లొమా చదివిన పిల్ల. వాళ్లమ్మది మా ఊరు నాగలమడికే కాబట్టి మొదటి రోజు నుంచీ నన్ను మామా అనేది. ప్లాంటు కింద ఉన్న భూమిలో కొంత వాళ్లదే, లీజుకిచ్చారు. వాళ్ల నాయన గేటు దగ్గర వాచ్‌మన్.

"ఏమొస్తాది పాపా తెర మీద?" అన్నాను.

"ఈ ఫైలు చదవడానికి కాలేదు అని వస్తాది మామా."

నాకు చిన్ననాటి అయ్యవారు గుర్తొచ్చాడు. బడిలో పలక పట్టుకుని నిలబడితే నన్ను గురించి అదే మాట అనేవాడు. ఇన్నేళ్లకు మళ్లీ పలకల మధ్యకు వచ్చి అదే మాట విన్నాను, ఈసారి యంత్రం నోట.

కానీ నేను తెరిస్తే ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. ఒక్కటీ మొరాయించలేదు. "బాగానే ఉండాది కదమ్మా" అన్నాను.

"ఇప్పుడు బాగుండాది. నువ్వు బస్సెక్కినాక సూడు."

నిజంగానే నేను పావగడ చేరేసరికి ఫోన్ మోగింది. మళ్లీ మొదలైందట. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. బాగుంది. ఎండ ముదరకముందే తిరుగు బస్సు పట్టుకున్నాను. ఫోన్ మోగింది. ఇలా కొన్నాళ్లు నడిచింది. నేనుంటే ఆరోగ్యం, పోతే రోగం. సైటులో కుర్రాళ్లు నన్ను చూస్తే లేచి దండం పెట్టడం మొదలుపెట్టారు. "సారు ఫోటో ఒకటి ఆ పెట్టె మీద అతికిస్తే సరిపోతాది" అన్నాడు మేనేజరు. నవ్వాను గానీ ఒక పాస్‌పోర్టు ఫోటో జేబులో పెట్టుకుపోదామా అని ఇంటి దగ్గర ఒక్క క్షణం ఆలోచించిన మాట వాస్తవం.

నవ్వులాట అక్కడితో ఆగింది. బెంగళూరు వాళ్లు లెక్కలు తీశారు. ఫైళ్లు చదవలేకపోయిన సందర్భాలన్నీ పగటి డ్యూటీలోనే ఉన్నాయి. రాత్రి డ్యూటీలో మగవాళ్లు ఉంటారు, వాళ్ల వేళలో ఒక్క తప్పూ లేదు. పగలు ఉండేది ఈ అమ్మాయి. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఈ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది, అప్పటికి ఇది సరికాకపోతే కొత్త మనిషిని పెడతాం అని మేనేజరుకు చెప్పేశారు.

ఆ మాట మేనేజరు నాకు చెబుతుండగా ఆమె వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, "ఈ కొలువు పోతే మా చేను నేను సూడాలంటే గేటు పాసు తీసుకోవాల మామా" అంది. "మా నాయన్నే రాసియ్యమనాల, 'కూతురు, చేను సూడ్డానికి' అని."

నేను పనిముట్ల సంచీ తీసుకుని క్యాబిన్‌కు నడిచాను.

తర్వాత నేను చేసిన పనులు చెబితే మీరు నన్ను అయోమయం అంటారు. అప్పటికి నేను దానికి దగ్గరి బంధువునే. పెట్టెలో డిస్కు మార్చాను. తప్పు పోలేదు. ఆయుధ పూజనాడు కుర్రాళ్లు పెట్టెకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, తీగ దూర్చే కంతల చుట్టూ కూడా విభూతి దిద్దారు. అదే కారణమని తేల్చేసి, దూదితో అంతా శుభ్రం చేశాను. తప్పు పోలేదు. పైగా వాచ్‌మన్ కినిసి, "బొట్టు తుడిచినావు, ఇంగ బాగయితాదా?" అన్నాడు. తీగలను కలిపే స్విచ్చి పెట్టె మార్చాను. అదీ వృథానే. ఒక పొద్దున ఆమె వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ మీట నొక్కుతోందో చూడసాగాను.

"మామా, నా చేతులు సూస్తా ఉండావు. ఫైలు సూడు."

కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు నేనెక్కిన బస్సు మా ఏటి దగ్గర ఆగిపోయింది. ఏరంటే ఇసుకే, నీళ్లు లేవు. బస్సు వేడెక్కితే పోయడానికి కండక్టరు చెంబు పట్టుకుని ఇళ్ల వెంబడి తిరిగాడు. చివరికి ఎవరిదో బైకు వెనక కూర్చుని నేను సైటు చేరేసరికి నడినెత్తిన ఎండ. ఇంతకుముందెప్పుడూ నేను ఆ వేళలో అక్కడ లేను.

కంట్రోల్ రూములో అడుగు పెట్టగానే ఆమె చప్పట్లు కొట్టింది. "వచ్చినావా! రా రా, ఇప్పుడు సూడు తెరుచుకుంటాదేమో."

తెరుచుకోలేదు. నా చేత్తో నేనే నొక్కాను. తెర మీద గుండ్రం తిరిగింది, తిరిగింది, చదవలేనని చెప్పేసింది. జీవితంలో ఒక తప్పును చూసి అంత సంతోషించడం నాకదే మొదటిసారి. ఇద్దరం పెళ్లి చూపుల్లో అబ్బాయిని చూసినట్టు దాన్ని చూశాం.

ఆ ఎండలో క్యాబిన్‌కు నడిచి, పెట్టెకే నేరుగా నా ల్యాప్‌టాప్ తగిలించి చూశాను. అదే ఫైలు చక్కగా తెరుచుకుంది. అంటే ఫైలు మంచిదే, పెట్టె మంచిదే. చెడ్డది ప్రయాణం. నా మనసులో వేడి అనే మాట తట్టింది. మధ్యాహ్నం కదా, తీగ కాలుతోందేమో! వెనక్కొచ్చి ఆమెకు ఈ సిద్ధాంతం వివరిస్తూ, భూమిలో తీగ మీద గోనెసంచులు తడిపి పరిచేద్దామా అని ఆలోచిస్తుండగా ఫైలు దానంతటదే తెరుచుకుంది.

"ఏం చేసినావు?" అన్నాను.

"ఏం చేయలేదు మామా. నువ్వు మాట్లాడతా ఉంటే వింటా ఉండాను."

గోడ మీద పెద్ద తెరలో ఆ రోజు కరెంటు ఎంత పుడుతోందో చూపే గీత ఉంటుంది. అది ఒక్కసారిగా కిందికి జారి ఉంది. కిటికీలోంచి చూస్తే ఒక మబ్బు, మా వైపు మోడం అంటాం, సూర్యుడి మీదికి వచ్చింది. అది దాటిపోయింది. గీత పైకి లేచింది. ఫైలు మూసుకుంది. మళ్లీ ఒక మోడం. మళ్లీ తెరుచుకుంది. ఆమె, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. భూమి వేడి అంత తొందరగా చల్లారదు కదా. ఎండ కాదు కారణం, ఎండతో పుట్టే కరెంటు. అందుకే రాత్రి తప్పుల్లేవు. అందుకే పొద్దున్నే వచ్చి పోయే నాకు ఏమీ కనబడలేదు. ఆమె చేసిన తప్పల్లా పగలు పనిచేయడమే.

"ఇది రాసి పంపిస్తే సాలదా మామా?" అంది.

"మోడం వస్తే ఫైలు తెరుచుకుంటాదని రాస్తే నన్ను కూడా మార్చేస్తారు పాపా. ఎందుకో చెప్పాల."

చిన్న తీగ పక్కన లావు కరెంటు కేబుళ్లు పోతే చిన్నదాని మాట చెదిరిపోతుంది, పక్కింట్లో పెళ్లి మైకు పెడితే మనింట్లో మాట వినబడనట్టు. ఇది తెలిసిందే. కానీ నా దగ్గరున్న నక్షా ప్రకారం మా తీగ లావు కేబుళ్ల చాయలకే పోదు. క్యాబిన్ నుంచి కంట్రోల్ రూముకు గీత గీసినట్టు సూటిగా పోతుంది.

నక్షా పట్టుకుని ఆ గీత వెంబడే నడుద్దామని బయల్దేరాను. వాచ్‌మన్ తోడొచ్చాడు. పలకల వరసల మధ్య నడుస్తూ ఒకచోట ఇద్దరం అలవాటుగా చెప్పులు విడిచాం. అక్కడ పలకలు లేవు. నా నడుమెత్తు పుట్ట ఉంటుంది. భూమి లీజుకిచ్చేటప్పుడే పుట్ట చుట్టూ చోటు వదలాలని ఊరివాళ్లు అడిగారు, సోలార్ కంపెనీ వదిలింది. నాగుల చవితికి ఊరి ఆడవాళ్లు గేటు దగ్గర పేర్లు రాయించుకుని, లోపలికొచ్చి పాలు పోసిపోతారు. సైటులో ఎవరైనా సరే పుట్టను ఎడమకు పెట్టి తిరిగిపోరు, కుడికి పెట్టి చుట్టివస్తారు. నేనూ ఎన్నోసార్లు అలాగే చుట్టి వెళ్లాను. ఆరోజూ చుట్టి, అవతల చెప్పులేసుకుని, నక్షా చూసి ఆగిపోయాను. నక్షాలో తీగ పుట్ట కిందుగా పోయింది.

"అన్నా, ఈడ తీగ ఎవరు పూడ్చినారు?"

"మేమే పూడిస్తిమి. నేనూ, మా ఊరోళ్లూ. కూలికి పోతిమి కదప్పా అప్పుడు."

"పుట్ట కింద తవ్వినారా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకేమన్నా పట్టిందా? పుట్ట కిందికి గుద్దలి ఎవుడేస్తాడప్పా! సుట్టూ తిప్పితిమి. మీ చెల్లెలు మజ్జిగ కూడా తెచ్చి పోసె ఆ పొద్దు." మా చెల్లెలు అంటే ఆయన భార్య, నాగలమడిక ఆడబిడ్డ.

"చుట్టూ అంటే ఎట్ల? మళ్లీ కాలువ తవ్వినారా?"

"ఆ పక్క కరెంటోళ్ల కాలువ తీసి ఉండె. దాంట్లోనే పండుకోబెడితిమి. అంత దూరం పోయి ఈడికి తెస్తిమి."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి సెప్పేది? అందరూ సూస్తానే ఉండిరి. దానికీ ఫైలుకూ ఏంది సంబంధం?"

ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఈ సంగతి తెలియనివాడు సైటులో దాదాపు ఎవరూ లేరు, తెలిసినవాళ్లకు ఇది చెప్పాల్సిన సంగతని తెలియదు. మనుషులు పుట్టను చుట్టి పోవడం రోజూ చూస్తూ, తీగ కూడా అలాగే పోయి ఉంటుందని నాకు తోచలేదు. మా వైపు పూడ్చిన తీగ మా వైపు మనిషిలాగే నడిచింది. అంతే.

పైగా ఆ చుట్టుతో తీగ పొడవూ పెరిగింది. అలాంటి తీగకు ఒక హద్దుంటుంది, అది దాటితే మాట తడబడుతుంది. పొద్దున తడబడుతూనైనా చేరే మాట, లావు కేబుళ్లు జోరందుకునే వేళకు మునిగిపోతోంది. పొడవు వల్ల ఎంత, కరెంటు పొరుగు వల్ల ఎంత అంటే నేను చెప్పలేను. ఇదే నాకర్థం కాని సగం.

పరుగున వచ్చి బెంగళూరుకు నివేదిక రాశాను. ఇంగ్లీషులో పుట్టకు మాట ఉంది. అది రాస్తే చెదల మందు పంపుతారేమోనని భయపడి, "దారిలో సహజమైన అడ్డంకి ఉండడంతో తీగ చుట్టు తిరిగింది, ఇందులో ఆపరేటరు తప్పు లేదు" అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడే జవాబొచ్చింది: అడ్డంకిని తొలగించి తీగను సూటిగా వేయండి, నెలాఖరులోపు మా అధికారి స్వయంగా వచ్చి చూస్తారు, అప్పటికి ఫైళ్లు చదవగలిగితే ఆపరేటరు విషయం అప్పుడే తేలుస్తాం.

కంట్రోల్ రూములో ఆమెకూ వాళ్ల నాయనకూ అది చదివి వినిపించాను. గాజుతో చేసిన తీగ వేస్తే కరెంటు పొరుగు దాన్నేమీ చేయదని నాకు తెలుసు. కానీ దానికి అనుమతులు రావడానికే నెలాఖరు ఎన్నిసార్లు దాటుతుందో చెప్పలేం.

"పుట్ట మీద చెయ్యేస్తే నేను ఈడ ఉండను" అన్నాడు వాచ్‌మన్. "పాపా, ఈ కొలువు పోతే పోనీలే. ఇంగోటి సూసుకుందాం."

"యాడ సూసుకుందాం నాయనా? ఇంగోటి యాడుండాది ఈడ?"

"అయితే పుట్ట తవ్వమంటావా?"

"నేనట్ల అన్నానా?" ఆమె నావైపు తిరిగింది. "నాకు కొలువు కావాల, పుట్టా కావాల. రెండూ అడిగేది తప్పా మామా?"

తప్పు కాదని చెప్పడం సులువు. ఎలాగో చెప్పడం నావల్ల కాలేదు. నివేదికలో ఆ ఒక్క మాట వేరేలా రాసి ఉంటే బాగుండేదని ఇంటికి పోతూ దారంతా అనుకున్నాను. వేరేలా ఎలా రాయాలో మాత్రం తోచలేదు.

అధికారి వచ్చాడు. కుర్రాడే, గుంటూరు వైపు మనిషి. నేరుగా కంట్రోల్ రూముకు వచ్చి, ఆమె పక్కన నిలబడి, ఫైలు తెరవమన్నాడు. మధ్యాహ్నం, మోడం అన్నది లేదు. తెరుచుకోలేదు. గేటు బయట అడ్డంకి తీయడానికి జేసీబీ వచ్చి ఆగి ఉంది. వాచ్‌మన్ గేటు తాళం చెవి నడుముకు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. తీయననీ అనలేదు, తీస్తాననీ అనలేదు.

"ఆ పెట్టె ఎక్కడుందో చూపించండి" అన్నాడు అధికారి.

నడిచాం. ఆ ఎండలో పలకల మధ్య దారి మీద నిప్పు పరిచినట్టు ఉంటుంది. పుట్ట దగ్గర ఆమె, నేను చెప్పులు విడిచాం. ఆయన విడవలేదు గానీ మాతోపాటే చుట్టి వచ్చాడు. క్యాబిన్ చేరేసరికి చొక్కా తడిసిపోయింది. ఏసీ ముందు నిలబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ విసుగ్గా అడిగాడు.

"ఇంత దూరంగా ఈ పెట్టెను ఎందుకు పెట్టారండీ?"

మేనేజరు నావైపు చూశాడు. నేను ఆమెవైపు చూశాను.

"ప్లాంటు కట్టేటప్పుడు ఏసీ ఈడొక్కచోటే ఉండె సార్" అంది ఆమె.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కంట్రోల్ రూములో కూడా..." అని ఆమె ఆగిపోయింది.

ఏసీ గుర్రుమంటూ ఉంది. తీగను ఎలా మార్చాలి, ఎటు తిప్పాలి, దేనితో చేయాలి అని ఇన్నాళ్లూ కొట్టుకున్నాను. పెట్టెను ఎత్తుకుపోవచ్చని నా బుర్రకు ఒక్కసారీ అందలేదు. ఆయనకూ అందలేదని ముఖం చూస్తే తెలిసింది. ఎండకు విసుక్కుని అడిగిన మాటే గానీ ఉపాయం చెబుదామని కాదు.

"మామా" అంది ఆమె మెల్లగా, "అది ఎంత బరువుంటాది?"

సంకలో చంటిపిల్లంత ఉంటుంది. తీగలు పీకేసి రెండు చేతులా ఎత్తుకున్నాను. కరెంటు వైరు, మిగతా సరంజామా ఆమె పట్టుకుంది. మేనేజరు ముందు నడిచాడు. పుట్ట దగ్గర చెప్పులు విడవడానికి చేతులు ఖాళీ లేక నేను తటపటాయిస్తుంటే, వెనక నుంచి ఎవరో వంగి నా చెప్పులు లాగేశారు. చూస్తే వాచ్‌మన్. గేటు వదిలేసి ఎప్పుడొచ్చాడో తెలియదు. పెట్టెతో సహా పుట్టను చుట్టాం. అధికారి ఈసారి బూట్లు విప్పాడు. మమ్మల్ని చూసి విప్పాడో, కాలుతున్నాయని విప్పాడో అడగలేదు. నేల ఇంకా కాలుతుందని ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

కంట్రోల్ రూములో పెట్టెను బల్లమీద పెట్టి, మూరెడు తీగతో తగిలించాను. గోడ మీద గీత ఆ రోజుకు అన్నిటికంటే పైన ఉంది. ఆమె ఫైలు మీద నొక్కింది. గుండ్రం తిరగనే లేదు. తెర నిండా బొమ్మ పరుచుకుంది: ఏ పలక ఎంత వేడెక్కిందో చూపేలా పైనుంచి తీసిన బొమ్మ, వరస తర్వాత వరస. ఇంకోటి తెరవమన్నాడు. తెరిచింది. పాతవి తెరవమన్నాడు. అవీ తెరుచుకున్నాయి. బెంగళూరుకు ఫోన్ చేసి వాళ్ల చేతా తెరిపించాడు.

ఒక బొమ్మ దగ్గర మాత్రం ఆగి తెర మీద వేలు పెట్టాడు. వరసల నడుమ గుండ్రంగా ఖాళీ, దాని మధ్య చిన్న మచ్చ.

"ఇక్కడ ఏదో లోపించినట్టుంది. ఫైలు పాడైందా?"

"లేదు సార్, ఫైలు బాగుండాది" అంది ఆమె. "అది మీరిప్పుడు బూట్లు విప్పిన చోటు."

ఆయన తెర మీంచి వేలు తీశాడు. తర్వాత మేనేజరుతో జేసీబీని పంపించేయమన్నాడు. వెళ్లేముందు ఆమె కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాడు. కారణం రాయాల్సిన గడిలో ఏం రాయాలని నన్ను అడిగాడు. ఈసారి నేను జాగ్రత్తపడ్డాను. "పెట్టెను చల్లని చోటికి మార్చడమైనది అని రాయండి సార్" అన్నాను. అందులో అబద్ధం లేదు.

పిల్లలూ, ఇందులో మీరు నేర్చుకోదగింది ఏముందంటే నాకు తెలియదు. తప్పు ఎక్కడుందో కనుక్కున్నానా అంటే కనుక్కున్నాను. బాగుచేశానా అంటే లేదు, అది ఇంకా భూమిలోనే ఉంది. ఆ తీగ ఇప్పుడు ఏ మాటా మోయకుండా పుట్టను చుట్టుకుని పడుకుని ఉంటుంది. నేను రిటైరయ్యాను. ఆమె అదే కుర్చీలో ఉంది, పగటి డ్యూటీలోనే. నాగుల చవితినాడు వాళ్ల నాయన చేత నాకు చలిమిడి పంపుతుంది. పోయినసారి ఆయన డబ్బా నా చేతికిస్తూ, "ఇప్పుడన్నా సెప్పప్పా, తీగకూ ఫైలుకూ ఏంది సంబంధం?" అని అడిగాడు. కూర్చోబెట్టి అంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, లేస్తూ, "ఏమో, నువ్వు బొట్టు తుడిచినప్పుడే అనుకుంటి" అన్నాడు.